పెండ్లిసంచి తొడుగులు

ఆ రోజు పొద్దున వరలక్ష్మమ్మ పెట్టుకున్న పనులు రెండే. తమ్ముడు వస్తే కాఫీ ఇవ్వడం, అతను పోయినాక చింతపండు ఈనెలు తీయడం. రెండో పని ఆ రోజు పూర్తి కాలేదు. ఆ నెలలోనే పూర్తి కాలేదు.

మొగిలి ఘాటు ఎక్కి వచ్చిన వాళ్ళకు పలమనేరు చలి ఏమిటో తెలుసు. ధనుర్మాసం పొద్దుల్లో ఎదురింటి గేటు కనిపించదు, గేటు తీసిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ మంచులోనే కృష్ణమూర్తి రోజూ గంగవరం నుంచి సైకిలు తొక్కుకుంటూ అక్క ఇంటికి వస్తాడు. హ్యాండిలుకు తగిలించుకుని చెంబెడు ఆవుపాలు తెస్తాడు. ఆ పాలతోనే కాఫీ తాగి, అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివి, "పోయొస్తానక్కా" అని లేస్తాడు. అతనికి డెబ్బై దగ్గర పడ్డాయి. ఊళ్ళో ఎవరైనా పిల్లకు సంబంధం చూడాలంటే ముందు అతని దగ్గరికే వస్తారు. అతను కుదిర్చిన పెండ్లి ఒక్కటీ చెడలేదని పేరు.

ఆ పొద్దున అతను కాఫీ లోటాను వేళ్ళతో పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగినాడు.

"ఏమిరా అది, కోతి కొబ్బరిచిప్ప పట్టుకున్నట్టు?" అంది వరలక్ష్మమ్మ.

"వేళ్ళు యాడుండాయో తెలీలేదక్కా. బ్రేకు పట్టినాననే అనుకున్నా. సైకిలు మాత్రం పోతానే ఉండాది. మీ వీధి చివర కరెంటు స్తంభం లేకుంటే ఈపాటికి కోలారు చేరుంటా."

"గ్లవుజులు తొడుక్కోరాదా?"

"తొడుక్కుని సూసినా. బ్రేకు ఉండేదీ తెల్లా, బెల్లు ఉండేదీ తెల్లా. ముక్కు గోక్కోవాలంటే విప్పాల."

"అట్లయితే బస్సుకు రా."

"పొద్దున బస్సులో పిల్లకాయల మధ్య ఒంటికాలి మీద నిలబడితే, నేను తెచ్చే పాలు దిగేలోపల వెన్నయిపోతాయి." కృష్ణమూర్తి లోటా కింద పెట్టి, చాలా మామూలుగా అన్నాడు. "ఈ మంచు పోయేదాకా నేను రానులే అక్కా."

ఆ మాట వరలక్ష్మమ్మకు మామూలుగా వినిపించలేదు. ఆమె బ్రతుకులో మనుషులందరూ ఇట్లాగే మామూలుగా చెప్పి పోయినవాళ్ళే. పెద్దక్క "ఎండలు తగ్గనీ వస్తా" అన్నది. ఎండలు తగ్గినాయి. భర్త "చిత్తూరు దాకా పోయి సాయంత్రం బస్సుకొస్తా" అన్నాడు. సాయంత్రం బస్సు వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ "పోతా" అనకూడదు, "పోయొస్తా" అనాలి. కొరియరు తెచ్చిన మనిషిని కూడా ఆమె "పోయొస్తానను నాయనా" అని అనిపించి పంపుతుంది. ఇప్పుడు ఉన్న ఒక్క తమ్ముడు గుమ్మంలో నిలబడి "రాను" అన్నాడు.

"ఒక్క గంట కూర్చో" అంది ఆమె.

"ఆవుకు దాణా పెట్టాలక్కా."

"ఆవు నీకంటే పెద్దది కాదు. కూర్చో."

ఆమెకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. మోటారుసైకిళ్ళ మీద పాలు పోసేవాళ్ళు చలికాలంలో హ్యాండిలు రెండు చివరలా సంచుల్లాంటివి కట్టుకుంటారు. చేయి అందులో దూర్చితే బ్రేకూ చేతికందుతుంది, చలీ తగలదు. అవి కొనాలంటే మదనపల్లెకు పోవాలి. కుట్టాలంటే మిషను ఇంట్లోనే ఉంది. యాభై ఏళ్ళు వీధిలో అందరికీ జాకెట్లు కుట్టిన చేతిమిషను అది.

గుడ్డ కావాలి. గాలి దూరని మందపు గుడ్డ. వరలక్ష్మమ్మ వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించిన తాంబూలం సంచులను దించింది. పెండ్లిలో ఆకూవక్కా, టెంకాయా పెట్టి ఇచ్చే పసుపు పచ్చ గుడ్డసంచులు అవి. పెండ్లికొడుకు, పెండ్లికూతురి పేర్లు అచ్చు వేసి ఉంటాయి. ఆమె ఒక్కటీ పారెయ్యదు. చాలావాటికి గుడ్డ పలచన, పిడికిట్లో పట్టితే చిరిగేటట్టు ఉంది. ఒకటి మాత్రం దుప్పటంత మందం. అది నగరి పెండ్లివాళ్ళు చేయించిన సంచి. పిల్ల తండ్రి ధనశేఖర్‌కు నగరిలో మరమగ్గాలు ఉన్నాయి కాబట్టి గుడ్డలో లోపం చెయ్యలేదు. ఒకవైపు 'నరేంద్ర', ఇంకొకవైపు 'రూపశ్రీ', మధ్యన ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు ఎర్ర రంగులో అచ్చేసి ఉన్నాయి. పెండ్లి జరిగి రెండేళ్ళయింది. ఆ సంబంధం కుదిర్చింది కృష్ణమూర్తే.

కత్తెర పట్టుకుని ఆమె కొంచెంసేపు ఆగింది. పెండ్లిసంచిని కోయవచ్చునా? చేతుల బొమ్మ ఉన్న గుడ్డ చేతులకే పనికి వస్తుందిలే అని సమాధానం చెప్పుకుని, నడిమధ్యకు కోసింది. కత్తెర రెండు చేతుల మధ్యగా పోయింది.

"అత్తా, పేర్లు కనిపిస్తాయి సూడు" అని కోడలు ప్రశాంతి వంటింట్లోంచి హెచ్చరించింది. ప్రశాంతికి ఏదైనా ఒకసారే చెప్పే అలవాటు.

"లోపలికి పెట్టి కుడతాలేమ్మా" అంది వరలక్ష్మమ్మ. అట్లాగే కుట్టింది కూడా. పేర్లు లోపల ఉండేటట్టు పెట్టి, కోసిన అంచు కుట్టి, పక్కన హ్యాండిలు దూరడానికి చీలిక పెట్టి, నాడా తొడిగింది. ఇక్కడికి అంతా సరిగానే ఉంది. అయితే జాకెట్టు కుట్టినవాళ్ళు కుట్టు అయిపోగానే గుడ్డను తిరగేస్తారు. ఆమె మనసు ఆవు దాణా గురించి తొందరపడే తమ్ముడి మీద ఉంది, చేయి మాత్రం తన యాభై ఏళ్ళ అలవాటు మీద ఉంది. చేయి తిరగేసి, లోపల పాత కంబళి ముక్క కూడా పట్టించింది. పేర్లు బయటికి వచ్చినాయి.

"విప్పి మళ్ళా కుడతాలేరా, ఉండు."

"వద్దక్కా, ఆవు అరస్తా ఉంటుంది. ఈ మంచులో ఎవురు సూస్తారు?" కృష్ణమూర్తి తొడుగులు కట్టించుకుని చేతులు దూర్చి చూసినాడు. అతని ముఖం వెలిగిపోయింది. "అబ్బా, పొయ్యిలో పెట్టినట్టుండాది. రేపు పొద్దున్నే వస్తానక్కా!"

వరలక్ష్మమ్మ ఆ మాట విని లోపలికి వచ్చి, దేవుడి పటానికి దండం పెట్టి, చింతపండు ముందేసుకుని కూర్చుంది.

*

బజారులో జరిగింది తర్వాత తలా ఒక మాట చెప్పగా తెలిసింది.

నరేంద్ర తండ్రి మునిప్రసాద్‌కు బజారువీధిలో చిల్లర అంగడి ఉంది. అప్పుడే మంచు పలచబడి ఎండ తగులుతూ ఉంది. కృష్ణమూర్తి సైకిలు ఆ వీధిలోకి తిరిగింది. మునిప్రసాద్ "అన్నా!" అని చేయి ఎత్తినాడు. కృష్ణమూర్తి చేతులు తొడుగుల్లో ఉన్నాయి. లోపలున్న చేతిని ఎవరూ ఊపలేరు కదా. అతను గడ్డం ఒకసారి ఎగరేసి, బెల్లు రెండుసార్లు కొట్టి, ఆగకుండా పోయినాడు.

మునిప్రసాద్ చూసింది వేరు. సైకిలు కుడిపక్కన కొడుకు పేరు, తెగిన ఒక చేయి. ఎడమపక్కన కోడలి పేరు, తెగిన ఇంకో చేయి. మధ్యన ఇనుము. తొక్కుతున్నది ఆ పెండ్లి కుదిర్చిన పెద్దమనిషి.

ఆ పక్క ఊళ్ళలో సంబంధం కుదిరితే తాంబూలాలు మార్చుకుంటారు, చెడితే తాంబూలం వెనక్కి పంపుతారు. నోరు తెరిచి ఎవరూ ఏమీ చెప్పరు. కుదిర్చిన మనిషి చేతి మీదుగా ఆకూవక్కా తిరిగి వస్తే అంతా చెప్పినట్టే. మునిప్రసాద్‌కు ఇక అనుమానం లేకపోయింది. నగరి వాళ్ళు తెంచుకున్నారు. తెంచుకున్న సంగతి బజారులో బెల్లు కొట్టి చెప్పిస్తున్నారు.

అనుమానించడానికి ఆయనకు కారణమూ ఉంది. కోడలు ఉగాది తర్వాత పుట్టింటికని పోయి మళ్ళీ రాలేదు. కొడుకు సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో పనిచేస్తూ, స్నేహితులతో రూములో ఉంటున్నానని చెబుతున్నాడు. పిల్లను ఎప్పుడు పంపుతారని నగరికి ఫోను చేద్దామంటే మాటల్లేవు. ఉగాదికి తమ ఇంట్లో పెట్టిన విందులో ధనశేఖర్‌ను మొదటి బంతిలో కూర్చోబెట్టలేదు. రెండో బంతికి వడలు అయిపోయినాయి. అప్పటినుంచి వియ్యంకులిద్దరూ ఫోను ఎత్తడం మానుకున్నారు.

మునిప్రసాద్ ఆ రోజు ఫోను చేసినాడు. ధనశేఖర్ ఎత్తగానే, "మీ తాంబూలం మాకు ముట్టింది బావా" అని ఒక్కమాట చెప్పి పెట్టేసినాడు. తర్వాత ఫోను ఆపేసినాడు. మర్యాదగా తెంచుకోవడం తమకూ తెలుసని ఆయన ఉద్దేశం.

సాయంత్రం ఆయన వరలక్ష్మమ్మ ఇంటికి వచ్చినాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"పెద్దమ్మా, అన్న సైకిలుకు కట్టుండేది ఎవురు కత్తిరించినారు?"

ఆ సంచిలో ఆకూవక్కా పెట్టి వరలక్ష్మమ్మ చేతికిచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నేనే నాయనా."

"మీరా! మీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలా. రోజూ కళ్ళతో సూస్తా ఉండాను కదా. ఓర్చుకోలేకపోయినా."

"రోజూ... అంటే మీదాకా వచ్చిందన్నమాట."

"ఇట్లే వదిలేస్తే ప్రాణం మీదికి వచ్చేటట్టు ఉండాది నాయనా."

"అంత దూరం పోయిందా!"

"ఒకటిగా ఉంచి ఏం లాభం, చెప్పు? అందుకే మధ్యకు కోసేసినా. ఇప్పుడు దేనిది దానికి వెచ్చగా ఉండాది."

"నాతో ఒక్కమాట అనుండకూడదా పెద్దమ్మా? మర్యాదకైనా."

"అనాల్సిందే. తప్పు నాదే" అంది వరలక్ష్మమ్మ. "నీ చేతులు పట్టుకుంటా నాయనా. మళ్ళా కలిపి కుట్టేస్తాలే."

"కుట్టేది మీ చేతిలో ఉంటే కుట్టండి పెద్దమ్మా" అన్నాడు మునిప్రసాద్. "అవతల నగరోళ్ళు కూడా ఒప్పుకోవాల కదా." చెప్పులు వేసుకుని వెళ్ళిపోయినాడు. "పోయొస్తా" అనలేదు.

ఒక సంచికి ఇంత బాధపడతాడని ఆమె అనుకోలేదు. "గుడ్డ నగరిదైతే మాత్రం, కుట్టడానికి వాళ్ళ ఒప్పుదలెందుకమ్మా?" అని కోడలిని అడిగింది.

"పేర్లు కనిపిస్తాయని చెప్పినా కదత్తా" అంది ప్రశాంతి.

*

మరుసటి పొద్దున మంచులో ముందు కనిపించింది సైకిలు కాదు. అద్దె కారు ఒకటి ఇంటి ముందు ఆగింది. అందులోంచి ధనశేఖర్, అతని భార్య దిగినారు. వెనక సీట్లోంచి ట్రంకుపెట్టె ఒకటి దించినారు. వియ్యంకుడి గడప తొక్కకూడదని దారిలోనే నిర్ణయించుకున్నారు. పెండ్లి కుదిర్చిన పెద్ద పొద్దున్నే అక్క ఇంట్లో దొరుకుతాడని ఎవరో చెబితే ఇక్కడికి వచ్చినారు.

"రండి రండి" అంది వరలక్ష్మమ్మ. నగరి వాళ్ళు కూడా సంచి కోసమే ఇంత దూరం వచ్చినారని ఆమె అనుకుంది. "తప్పయిపోయింది నాయనా. ఇయ్యాలే కుట్టేస్తా."

"మీదేం తప్పమ్మా? సుమ్మా ఉండండి" అన్నాడు ధనశేఖర్. నగరి మనిషి కాబట్టి కోపంలో 'ఊరికే' అనడానికి బదులు అరవం ముందు వస్తుంది. "కిష్ణమూర్తిని రానీండి. మేమేదో తాంబూలం తిరగ్గొట్టినామంట! వాళ్ళు తెంచుకుని మా మీద పెడతారా? ఇదో, వాళ్ళు పెట్టిన పట్టుచీరలన్నీ తెచ్చినాం. ఒక్క మడత కూడా నలగలా."

ఆ మాట వీధిలోకి పోవడానికి ఎంతసేపు? కాసేపటికి మునిప్రసాద్, అతని భార్య సామాన్ల ఆటో వెంటపెట్టుకుని వచ్చినారు. అందులో రూపశ్రీతో వచ్చిన సారె సామాను మొత్తం ఉంది. బీరువా, గ్రైండరు, ఇత్తడి బిందెలు, గంగాళం. ధనుర్మాసం శూన్యమాసం, ఇంట్లోంచి సామాను కదిలించకూడదు. అయితే కోపానికి మాసాలు పట్టవు. అన్నీ వరలక్ష్మమ్మ అరుగు మీద దిగినాయి. బీరువాను గుమ్మానికి అడ్డంగా పెట్టినందువల్ల ప్రశాంతి లోపలే ఉండిపోయింది.

అప్పుడు బెల్లు కొట్టుకుంటూ కృష్ణమూర్తి వచ్చినాడు. చేతులు తొడుగుల్లో వెచ్చగా ఉన్నాయి, ముఖం నిండా నవ్వు ఉంది.

"ఏమప్పా, అందరూ ఈడే ఉండారు! ఏం విశేషం?"

"సూడు బావా, ఎట్లా నవ్వుతా ఉండాడో!" అన్నాడు ధనశేఖర్ మరిచిపోయి. వెంటనే "బావా" అన్నందుకు ముఖం తిప్పుకున్నాడు.

తర్వాత కొంతసేపు ఎవరు ఏమన్నారో విడదీసి చెప్పడం కష్టం. అందరూ ఒకేసారి మాట్లాడినారు. మొదటి బంతి వచ్చింది, వడలు వచ్చినాయి. పెండ్లిలో నాదస్వరం వాళ్ళు ఆలస్యంగా రావడమూ వచ్చింది. చివరికి ధనశేఖర్ ట్రంకుపెట్టె మీద చెయ్యి చరిచి అన్నాడు.

"ఇంక మాటలొద్దు. మీవి మీకు దింపినాం. మా బిడ్డను పంపండి, తీసుకొని పోతాం."

"ఏ బిడ్డను?" అన్నాడు మునిప్రసాద్.

"నాకుండేది ఒకతే బిడ్డ."

"ఆ బిడ్డ మీ ఇంట్లో కదా ఉండాది! ఉగాది నుంచీ మీరే కదా పెట్టుకునుండారు!"

"మా ఇంట్లోనా? మీ ఇంట్లో ఉండాననే కదా వారం వారం ఫోను చేస్తా ఉండాది!"

ఆటోవాడు అద్దె అడగడం మానేసినాడు.

"మొన్న కూడా నాతో మాట్లాడిందే" అంది మునిప్రసాద్ భార్య సన్నగా. "వెనక మీ మగ్గాల చప్పుడు గూడా వినిపిస్తా ఉండె."

"నాకు మీ అంగట్లో జనం గోల వినిపించింది వదినా" అంది ధనశేఖర్ భార్య. "గిరాకీ బాగుండాదనుకున్నా."

రూపశ్రీకి ఫోను చేసినారు. మోగింది, ఎత్తలేదు. నరేంద్రకు చేసినారు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసినారు. అక్కడున్న ఫోన్లన్నీ చేసినాయి. ధనశేఖర్ నెమ్మదిగా కృష్ణమూర్తి వైపు తిరిగినాడు.

"కుదిర్చింది నువ్వు. తెంచినావని బజారంతా చెప్పుకుంటా ఉండారు. నా బిడ్డ యాడుండాదో నీకు తెలిసుండాల."

"తెంచేదేంది? చలికి వేళ్ళు కప్పుకున్నానప్పా!" కృష్ణమూర్తి తొడుగుల్లోంచి చేతులు లాగి చూపించినాడు. "బ్రేకు పట్టుకోలేకుంటే మా అక్క కుట్టిచ్చింది. మీ సంచి అయితే గుడ్డ గట్టిగా ఉండాదని!"

మునిప్రసాద్ సైకిలు దగ్గరికి పోయి, కుడి తొడుగులో తన చెయ్యి పెట్టి చూసినాడు. లోపల కంబళి మెత్తగా ఉంది. తెగిపోయిందనుకుని నిన్నటినుంచి తాను ఏడ్చిన సంబంధం తెగనే లేదు. అయితే ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. పెండ్లి తెగకపోతే మాత్రం, పిల్ల ఏది?

"పోలీసుస్టేషనుకు పోదాం పదండి" అన్నాడు.

మగవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ ఉంటే వరలక్ష్మమ్మ చప్పుడు చేయకుండా సైకిలు దగ్గరికి పోయింది. ఆమెకు ఎవరి మాటా వినిపించడం లేదు. పట్టుకున్న రెండు చేతులను తాను విడదీసింది. విడదీసిన మరుసటి పొద్దుటికే పిల్ల కనిపించకుండా పోయింది. ఇంతకంటే ఆమెకు ఏం రుజువు కావాలి? నాడాలు విప్పి, గంగాళం మీద కూర్చుని, కంబళి పీకేసి, రెండు సగాలనూ ఒడిలో పెట్టుకుని, ఎప్పుడూ జాకెట్టుకు గుచ్చి ఉంచుకునే దారం సూదితో అతకడం మొదలుపెట్టింది. మిషను కోసం లోపలికి పోదామంటే బీరువా అడ్డం.

"అక్కా, ఇప్పుడేంది ఆ పని!" అన్నాడు కృష్ణమూర్తి.

"నోరు మూసుకో. దారం తెగుతుంది."

ఒక చేతి వేళ్ళు ఇంకో చేతి వేళ్ళతో కలిసేటట్టు చూసుకుని కుట్టింది. తొందరలో కొంచెం పక్కకు పోయి, పెండ్లికొడుకు బొటనవేలు పెండ్లికూతురి మణికట్టు మీదికి ఎక్కింది. అయినా పట్టు గట్టిగానే ఉంది. ఆమె ముడి వేసి దారం కొరుకుతూ ఉండగా ధనశేఖర్ జేబులో ఫోను మోగింది.

"ఎవురు పోయినారు నాయనా? ఇన్ని కాల్సు!" రూపశ్రీ గొంతు అందరికీ వినిపించింది. వెనక గిన్నెల చప్పుడు, జనం గోల. "ఫోన్లు గేటు దగ్గర లాకర్లో పెట్టాల కదా. ఇప్పుడే టీకి వదిలినారు."

"యాడుండావే నువ్వు?"

"మీ పక్కన ఎవురుండారు?"

"అందరూ ఉండాం!"

ఇంక దాచి లాభం లేదని రూపశ్రీ చెప్పేసింది. ఉగాది తర్వాత నరేంద్ర కంపెనీలోనే తనకూ పని దొరికింది. సూళ్లూరుపేటలో ఇద్దరూ ఒక చిన్న ఇల్లు తీసుకున్నారు. మగ్గాల చప్పుడు గేటు దాకా వినిపించే కంపెనీ మిషన్లది, అంగడి గోల గేటు పక్క క్యాంటీనుది. తాము బాగున్నారు. చాలా బాగున్నారు.

"బాగుంటే మాకెందుకు చెప్పలా?" అని మునిప్రసాద్ ఫోను లాక్కుని అరిచినాడు.

ఈసారి నరేంద్ర గొంతు వచ్చింది. పెండ్లాం పక్కనే ఉన్నట్టున్నాడు.

"చెప్తే వస్తారు కదా నాయనా."

*

ఇద్దరు వియ్యంకులూ సమానంగా మోసపోయినారు కాబట్టి ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. ఉగాది నుంచి లేని మాటలు ఒక్కసారిగా వచ్చినాయి. "సూసినావా బావా, మనల్ని ఎట్ల ఆడించినారో!" "మనమే చవటలం బావా, మొదటిరోజే ఒక ఫోను చేసుంటే!" ఇద్దరు తల్లులూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ప్రశాంతి కిటికీలోంచి కాఫీలు అందించింది. కాఫీలు అయ్యేలోపల నలుగురూ కలిసి అద్దె కారులో సూళ్లూరుపేటకు పోవాలని తీర్మానమైంది. నరేంద్ర భయపడింది అదే అని ఎవరికీ తోచలేదు.

మునిప్రసాద్ భార్య అతికిన సంచిని తీసుకుని, పండ్లు పెట్టి ఒడిలో ఉంచుకుంది. "పిల్లలకు చూపించాల పెద్దమ్మా, మీరు ఎట్లా కలిపినారో" అంది. తొడుగులు అట్లా పోయినాయి. వరలక్ష్మమ్మ అడ్డం చెప్పలేదు. ఆ రెండు చేతులను ఇంకోసారి విడదీసే ధైర్యం ఆమెకు లేదు.

"మరి ఈ సామాను?" అన్నాడు కృష్ణమూర్తి.

అందరూ అరుగు వైపు చూసినారు. కోపం దిగిపోయింది కాబట్టి ఇప్పుడు మాసం గుర్తుకొచ్చింది.

"శూన్యమాసంలో కాపురం సామాను కదిలించకూడదు కదన్నా" అన్నాడు మునిప్రసాద్ భక్తిగా. "నెల తిరిగినాక నేరుగా సూళ్లూరుపేటకే పంపిద్దాం. అంతదాకా ఈడే ఉండనీ."

"బయట అరుగు మీద పట్టుచీరలు, బిందెలు! ఎవురు కాస్తారప్పా?"

"కుదిర్చిన పెద్దవు నువ్వుండావు కదా" అన్నాడు ధనశేఖర్. న్యాయం అదే. పెండ్లిలో ఇచ్చిపుచ్చుకున్న వాటికి కుదిర్చిన మనిషే పూచీ. కృష్ణమూర్తి ఎందరి పెండ్లిళ్ళలోనో ఆ మాట తానే చెప్పినాడు.

అతను గంగవరానికి ఫోను చేసి, సంగతి చెప్పి, ఆవును ఎట్లా అని భార్యను అడిగినాడు. "ఆవును నేను సూసుకుంటా. నువ్వు నింపాదిగా ఉండు, ఏం తొందర లేదు" అని ఆమె అంత త్వరగా ఎందుకన్నదో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

గుమ్మానికి అడ్డమున్న బీరువాను పక్కకు జరిపినారు. ఆ సాయంత్రం అతని పరుపుచుట్ట పలమనేరు చేరింది. వరలక్ష్మమ్మ ఆనందం అంతా ఇంతా కాదు. తమ్ముడు మంచులో రానక్కర్లేదు, పోనక్కర్లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆమె వీధి గుమ్మం వైపు చూడకుండా నిద్రపోయింది.

మరుసటి పొద్దున కృష్ణమూర్తి కోడి కంటే ముందు లేచి, పేపరు వచ్చేదాకా తోచక నిన్నటి పేపరు పైకి చదివినాడు. కొత్తది వచ్చినాక అదీ చదివినాడు. గంట చదివి పోయే మనిషి పోనక్కర్లేనప్పుడు టెండరు ప్రకటనలు కూడా చదువుతాడని అక్కకు అప్పుడు తెలిసింది. తర్వాత వంటింటి గడపలో కుర్చీ వేసుకుని, చింతపండు ఈనెలు ఎట్లా తీయాలో ఆమెకు చెప్పినాడు. గ్రైండరు పనిచేస్తుందో లేదో చూడాల్సిన బాధ్యత తనదేనని రోజూ పిండి రుబ్బించినాడు. మూడు పూటలా దోసెలే అయినాయి. రాత్రి బిందె పిల్లి తగిలి మోగితే, దొంగలని అందర్నీ లేపినాడు.

"తమ్ముడు రోజూ కండ్లముందుండాలని కదత్తా నువ్వు కోరుకునింది" అంది ప్రశాంతి, దోసెపెనం కడుగుతూ.

వారం తిరగకముందే ఒక పొద్దున వరలక్ష్మమ్మ, ముందుగదిలో సంబంధాల గురించి ఎవరికో ఫోనులో గట్టిగా చెబుతున్న తమ్ముడి గొంతు వింటూ కాసేపు కూర్చుని, మంచు ఏమన్నా తగ్గిందేమో బయటికి పోయి చూసి రమ్మని కోడలిని పంపింది.